కనబడకపోతే లేనట్టేనా?

స్పెయిన్ దక్షిణ తీరాన మాలగ దగ్గర లా మయోరా అని ఒక పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు 2004లో చెరిమోయా అనే పండుచెట్టు డీఎన్ఏలో కొన్ని గుర్తులు పట్టుకున్నారు. 2008లో వాటికి మరో 52 చేర్చారు. వీటిని మార్కర్లు అంటారు. చెరిమోయా మన సీతాఫలానికి దగ్గరి చుట్టం. రెండూ అనోనా ప్రజాతిలోవే. తమ చెట్టు కోసం చేసుకున్న మార్కర్లు దాని చుట్టాలలో కూడా పనికొస్తాయా అని వాళ్ళు రెండుసార్లూ పరీక్షించి చూశారు. పనికొచ్చేవి ఉన్నాయని తేలింది. అంటే ఎక్కడో స్పెయిన్‌లో ఒక తోటచెట్టును చదవడానికి తయారైన సాధనంతో మా అనంతగిరి గుట్ట మీద బండల సందున మొలిచిన సీతాఫలాన్ని కూడా చదవవచ్చు.

ఈ సంగతి విన్నప్పటినుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న వృక్షశాస్త్రాన్ని దాటి పోయింది. ఒకదాన్ని చూసి నేర్చుకున్నది ఇంకొకదానికి ఏ హక్కుతో వర్తింపజేస్తాం? పోలిక వల్ల కలిగేది జ్ఞానమా, ఊహా? పోలికను పట్టుకుని వెతికినచోట ఏమీ కనబడకపోతే, అక్కడ ఏమీ లేదని చెప్పే అధికారం మనకు వస్తుందా? ఈ చివరి ప్రశ్నకు మన శాస్త్రాల్లో చాలా లోతైన సమాధానం ఉంది. దాన్ని మనం చెట్ల దగ్గరా మరిచిపోతున్నాం, మనుషుల దగ్గరా మరిచిపోతున్నాం.

నేను తాండూరులో ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్పి రిటైరై, ఇప్పుడు వికారాబాద్‌లో ఉంటున్నాను. మా నాన్న తర్కం చదువుకున్న మనిషి. వేసవి సెలవుల్లో అరుగు మీద కూర్చోబెట్టి తర్కసంగ్రహం చెప్పేవాడు. ఆ పుస్తకం రాసిన అన్నంభట్టు పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అని ప్రతి ఏడూ మొదటిరోజు గుర్తు చేసేవాడు. కాలేజీలో చెప్పిన చదువూ అరుగు మీద విన్న చదువూ నాలో చాలాకాలం దేనిదారిన అది ఉండిపోయాయి. వాటిని కలిపింది సీతాఫలం.

వికారాబాద్ నుంచి అనంతగిరి పోయే ఘాట్ రోడ్డు పక్కన, ఇటు ధారూరు వైపు గుట్టల మీద, ఎవరూ నాటని సీతాఫలం చెట్లు ఉంటాయి. ఆకు చేదు, నలిపితే ఘాటు. మేక కూడా మూతి పెట్టదు. నీళ్ళు కట్టేవాళ్ళు లేరు, మందు కొట్టేవాళ్ళు లేరు. బతుకమ్మకు కాస్త ముందు మొదలై దీపావళి దాకా గంపలు గంపలుగా దిగుతాయి. రైల్వే స్టేషన్ బయట గంప ముందు కూర్చునే ఆడవాళ్ళు కాయను నొక్కి చూడరు, కండ్లు చూస్తారు. పైన గుబ్బల నడుమ సందులు వెడల్పై, ఆ సందుల్లో లేత పసుపు తిరిగితే ఆ కాయ గడ్డిలో పెట్టిన రెండుమూడు రోజులకు మాగుతుంది. "కండ్లు తెరిసింది, తీస్కపో సారూ. ఎల్లుండికి పండుతది" అని ఒకామె నా సంచిలో వేసింది. నాన్న చెప్పిన తర్కం ఆ మాటలో నిండుగా ఉంది. కళ్ళు విచ్చుకోవడం హేతువు, మాగడం సాధ్యం, అంటే ఆ హేతువుతో తేల్చేది. వందల గంపలు చూసిన కన్ను ఆ రెంటి మధ్య వ్యాప్తిని, అంటే విడవని సంబంధాన్ని, ఏనాడో గ్రహించింది.

నేను ఊరుకోకుండా, రామాఫలానికి కూడా ఇట్లనే చూడొచ్చా అని అడిగాను. ఆమె వెంటనే తల అడ్డంగా తిప్పింది. "దానికి కండ్లేడున్నయి సారూ? అది నున్నగుంటది. రంగు సూడాలె."

ఈ చిన్న జవాబు మీద నేను చాలాసేపు ఆలోచించాను. రెండు చెట్లూ ఒక కుటుంబానివని ఆమెకు తెలుసు. లోపలి గుజ్జు తెలుసు, నల్లటి గింజలు తెలుసు. అయినా ఒకదాని గుర్తు రెండోదానికి చెల్లదని కూడా తెలుసు. చుట్టరికాన్ని ఒప్పుకుంటూనే తేడాను ముందుగా చెప్పింది. లా మయోరా ప్రయోగశాలలో జరిగింది ఇదే పని. కాకపోతే అక్కడ చూసింది తోలు కింద, కణం లోపల.

రామాఫలం చెట్టు మా తాండూరు ఇంటి పెరట్లో ఉండేది, షాబాదు బండల ప్రహరీకి ఆనుకుని. సీతాఫలం కాలం అయిపోయి, చలి పోయి, ఎండలు ముదిరే వేళకు అది పండేది. ఇటుక రంగు తిరిగిన నున్నటి తోలు, గరగరలాడే తియ్యటి గుజ్జు. లక్ష్మణఫలం మా వైపు అరుదు. ముళ్ళ తోలుతో, పులుపు కలిసిన రుచితో ఉంటుంది. మూడింటి పువ్వులూ దగ్గర పెట్టి చూస్తే ఎవరికైనా చుట్టరికం తెలిసిపోతుంది. దళసరి రెక్కలు మూడు కిందికి వాలి, నడుమ చిన్న గుండ్రని ముద్ద. లినేయస్ 1753లో ఈ మూడింటినీ ఒకే ప్రజాతి కింద రాశాడు. మన పల్లెల్లో వీటిని ఒకే ఇంటివాళ్ళుగా పిలుచుకున్నవాళ్ళు ఆయన పుస్తకం చూసి పిలవలేదు. చూపుతోనే పట్టారు. ఈ చెట్ల పుట్టిల్లు అమెరికా ఖండం, పోర్చుగీసు ఓడల కాలంలో ఇటు వచ్చాయని ఎక్కువమంది పండితుల మాట. ఎక్కడో పుట్టిన చెట్లు ఇక్కడ రామాయణంలో చేరిపోయాయి. నాకు అందులో తప్పేమీ కనిపించదు. పుట్టినచోటును బట్టే బంధువులను లెక్కపెట్టే అలవాటు మన ఊళ్ళకు ఎన్నడూ లేదు.

మా మేనకోడలు హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. చెరిమోయా మార్కర్లను మన సీతాఫలం, రామాఫలం మీద వాడి చూడాలనుకున్నప్పుడు ఆకులు తెచ్చే పని నాకు అప్పగించింది. లేత ఆకులే కావాలంది. గుట్ట మీది చెట్లవి కోసి, కాగితంలో చుట్టి, తేమ పీల్చే సిలికా గుళికల డబ్బాలో పెట్టి, ఏ చెట్టుదో ఏ చోటుదో చీటీ రాసి తీసుకుపోయాను. ఆకును నూరేటప్పుడు పక్కనే నిలబడి చూశాను. ఈ జాతి ఆకుల్లో జిగురు ఎక్కువ. నూరిన ముద్ద చూస్తుండగానే గోధుమరంగుకు తిరుగుతుంది. అట్లా తిరిగితే డీఎన్ఏ చెడుతుందని ముందే ఒక తెల్లటి పొడి కలుపుతారు. చివరికి గొట్టం అడుగున, చల్లటి ఆల్కహాల్‌లో, మబ్బు తునకలాంటి ఒక పోగు తేలింది. ఇంతకాలం బల్ల మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని కంటితో చూస్తే మనసు నిండిపోయింది.

మార్కర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఆమె చెప్పిన తీరు బాగుంది. డీఎన్ఏ నాలుగే అక్షరాలతో రాసిన పొడవాటి రాత. అందులో కొన్నిచోట్ల రెండక్షరాలు, జీఏ జీఏ జీఏ అని, మళ్ళీమళ్ళీ వస్తుంటాయి. ఒక చెట్టులో ఆ జంట పదిసార్లు వస్తే ఇంకో చెట్టులో పదిహేనుసార్లు రావచ్చు. ఆ తేడాయే చెట్టుకూ చెట్టుకూ ఆనవాలు. కోట్ల అక్షరాల్లో ఆ చోటును పట్టుకోవడం ఎట్లా? కొత్తవాడికి ఇల్లు చెప్పేటప్పుడు అటు రావిచెట్టు, ఇటు బోరింగు, నడుమనున్న ఇల్లు అంటాం కదా, అట్లా ఆ చోటుకు అటూ ఇటూ ఉండే ఇరవై అక్షరాల ముక్కలను ఆనవాలుగా తీసుకుంటారు. ఆ ముక్కలకు జోడీగా తయారుచేసినవే ప్రైమర్లు. పీసీఆర్ యంత్రంలో వేస్తే అవి తమ చోటికి పోయి అతుక్కుంటాయి, నడుమనున్న భాగం లక్షల ప్రతులు అవుతుంది. దాన్ని జెల్ మీద పరిగెత్తిస్తే తెల్ల గీతలా కనబడుతుంది. చుట్టరికం ఉన్న చెట్లలో ఆ ఇరవై అక్షరాలు మారకుండా మిగిలి ఉంటే ఒకదాని ప్రైమర్ మరొకదానికి పనికొస్తుంది. ఉమ్మడి పూర్వీకుడినుంచి వచ్చిన రాత ఇంకా చెరిగిపోలేదన్నమాట.

ఈ పని అనోనా ఒక్కదానికే కాదు. 2001లో జపాన్ పరిశోధకులు ఆపిల్ మార్కర్లతో పియర్ చెట్లను గుర్తుపట్టారు. పీచ్, బాదం, ఆప్రికాట్ చెట్లవాళ్ళు ఒకరి మార్కర్లు ఒకరు వాడుకుంటూ, అన్నిటికీ కలిపి ఒకే పటం గీసుకోగలిగారు. పండ్లచెట్టు కాపుకు రావడానికే ఏళ్ళు పడుతుంది. ప్రతి చెట్టుకూ మొదటినుంచి మార్కర్లు తయారుచేయాలంటే డబ్బూ కాలమూ చాలవు. పేద పంటలకు చుట్టాల సాయమే దిక్కు.

జెల్ ఫొటో నా చేతికి వచ్చినప్పుడు సీతాఫలం గళ్ళలో తెల్ల గీతలు వరసగా ఉన్నాయి. రామాఫలం గళ్ళలో కొన్ని ప్రైమర్లకు గీత ఉంది, ఒకదానికి మాత్రం ఖాళీ. బూడిదరంగు మీద ఏమీ లేదు.

"అంటే ఆ భాగం రామాఫలంలో లేదన్నమాట" అన్నాను.

"అట్ల అనొద్దు మామా. ప్రైమర్ అతకలేదు అని మాత్రమే అనాలి. ఆ ఇరవై అక్షరాల్లో ఒకటి రెండు మారినా అతకకపోవచ్చు. బోరింగు తీసేసి పక్క సందులో వేశారనుకో, వచ్చినోడికి ఇల్లు దొరకదు. ఇల్లు అక్కడనే ఉంటది."

ఆ మాట వినగానే నాకు అరుగు మీద నాన్న గొంతు వినబడింది. అనుపలబ్ధి పాఠం అది.

నేల మీద కుండ లేదని నాకు ఎట్లా తెలుస్తుంది? కుండ కనబడకపోవడం వల్ల. ఇంత మామూలు సంగతి మీద మన దార్శనికులు వందల ఏళ్ళు వాదించుకున్నారు. లేకపోవడాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం, ఉందని మీమాంసకుల్లో కుమారిల భట్టు వర్గం చెప్పింది. అద్వైతులు కూడా దాన్ని ఒప్పుకున్నారు. మీమాంసకుల్లోనే రెండో వర్గమైన ప్రాభాకరులు ఒప్పుకోలేదు. న్యాయదర్శనం వాళ్ళు, అంటే నైయాయికులు, దాన్ని ప్రత్యక్షంలోనే కలిపారు. వాదం ఎట్లా తేలినా అందరూ ఒక షరతు దగ్గర కలుస్తారు. కనబడకపోవడం లేకపోవడాన్ని నిరూపించాలంటే, ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడేదే అయి ఉండాలి. దీన్ని యోగ్యత అంటారు. వెలుతురు ఉండాలి, కన్ను బాగుండాలి, వస్తువు కంటికి అందేదై ఉండాలి. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని కాదు. బౌద్ధుడైన ధర్మకీర్తి ఇక్కడ మరింత కఠినంగా ఉంటాడు. పిశాచం వంటి స్వభావతః కంటికి అందనిది కనబడలేదంటే, దాన్నుంచి సందేహం మాత్రమే మిగులుతుంది, నిశ్చయం రాదు అంటాడు. దేవుణ్ణి నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ ఇద్దరూ ఆ షరతును కాపాడారు. మన తాత్విక చరిత్రలో నాకు అత్యంత గౌరవం కలిగించే విషయాల్లో ఇదొకటి.

మేనకోడలు యోగ్యతను వెతికింది. యంత్రంలో ప్రైమర్ అతుక్కునే దశ వేడిని కొన్ని డిగ్రీలు తగ్గించింది. వేడి తగ్గితే ప్రైమర్ కాస్త తేడా ఉన్నచోట కూడా అతుక్కునే వీలుంటుంది. రామాఫలం గడిలో గీత వచ్చింది, పల్చగా.

ఆమె దానికి కూడా వెంటనే సంతోషించలేదు. వేడి తగ్గిస్తే ప్రైమర్ తప్పుచోట అతుక్కునే ప్రమాదమూ ఉందట. పైగా గీత ఒకే పొడవున వచ్చినంతమాత్రాన రెండు చెట్లలో ఉన్నది ఒకటే రాత అని కాదు. ఒకదాంట్లో జీఏ జంట ఎక్కువసార్లు వచ్చి ఆ పొడవు రావచ్చు, రెండోదాంట్లో జంటలు తక్కువై పక్కన వేరే ముక్క చేరి అదే పొడవు కావచ్చు. అక్షరం అక్షరం చదివితే తప్ప తేలదు. తర్కంలో దీన్ని హేత్వాభాస అంటాం. హేతువులా కనబడుతుంది, హేతువు కాదు.

ఇట్లాంటి పొరపాటుకు సీతాఫలం చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ భార్హుత్, మథుర శిల్పాల్లో గుబ్బల గుబ్బలుగా ఉన్న ఒక పండును చూసి అది సీతాఫలమే అన్నాడు. అదే నిజమైతే అమెరికా చెట్టు కొలంబస్‌కు పదిహేను వందల ఏళ్ళ ముందే ఇక్కడ ఉన్నట్టు. మన గొప్పతనం చెప్పుకోవాలనుకునేవాళ్ళకు ఆ మాట తీపిగా ఉంటుంది. నాకు కూడా ఈ నేల మీద ప్రేమ తక్కువేమీ లేదు. కానీ రాతిలో గుబ్బలు పనస కావచ్చు, తామర మొగ్గ కావచ్చు, శిల్పి చేతి అలంకారం కావచ్చు. రూపం కలిసినంతమాత్రాన జాతి కలిసినట్టు కాదు.

కనబడకపోవడం గురించి ఇంకో ఉదాహరణ చెరిమోయాదే. ఆ చెట్టు పుట్టిల్లు ఈక్వెడార్, పెరూ లోయలని చాలాకాలం అనుకున్నారు. అక్కడ అడవిలో పెరుగుతున్న చెట్లు కనబడ్డాయి, అందరూ అక్కడే వెతికారు. 2017లో లా మయోరా వాళ్ళూ ఇతర దేశాలవాళ్ళూ కలిసి మధ్య అమెరికా చెట్లను కూడా ఈ మార్కర్లతోనే చదివారు. వైవిధ్యం ఎక్కువగా ఉన్నది మధ్య అమెరికాలోనని తేలింది. పుట్టిల్లు అటువైపుకు జరిగింది. అంతకుముందు అక్కడ వైవిధ్యం కనబడకపోవడానికి కారణం అక్కడ వెతకకపోవడమే. వెతకనిచోట కనబడలేదంటే అది అనుపలబ్ధి కూడా కాదు.

ఇక ప్రమాణాల్లో ఉపమానం సంగతి. గవయం అనే అడవి మృగాన్ని ఎన్నడూ చూడనివాడికి, అది ఆవులా ఉంటుందని అడవి మనిషి చెబుతాడు. వీడు అడవికి పోయి ఒక మృగాన్ని చూసి, ఆ మాట గుర్తుకొచ్చి, ఇదే గవయం అని తెలుసుకుంటాడు. అన్నంభట్టు చెప్పిన నైయాయికుల పద్ధతి ఇది. మీమాంసకుల దారి వేరు. గవయాన్ని చూశాక ఇంటి దగ్గరున్న ఆవు దీనిలా ఉంటుందని తెలియడమే ఉపమానం అంటారు వాళ్ళు. చిన్నప్పుడు ఈ రెండో మాట నాకు రుచించేది కాదు. ఆవు సంగతి ముందే తెలుసు కదా, కొత్తగా తెలిసిందేమిటి అనిపించేది. ఇప్పుడు దాని విలువ అర్థమవుతోంది. చుట్టాన్ని చూసి వచ్చాక మన ఇంటిదాన్ని చూసే చూపు మారుతుంది. రామాఫలంలో పల్చగా వచ్చిన గీత సీతాఫలం గురించి కూడా ఒక కొత్త సంగతి చెబుతుంది. ఈ రాత ఒక్క సీతాఫలానిది కాదని, రెండూ విడిపోకముందు ఉన్న చెట్టుదని.

మా తాండూరు పక్కన పారే కాగ్నా నది కర్ణాటకలోకి పోయి, మళఖేడ మీదుగా భీమలో కలుస్తుంది. ఆ మళఖేడలో టీకాచార్యుల బృందావనం ఉందని మాధ్వులు సేవిస్తారు. ప్రమాణపద్ధతి అనే గ్రంథం రాసిన జయతీర్థులు ఆయనే. మాధ్వుల ద్వైతంలో ప్రమాణాలు మూడే. ఉపమానం, అనుపలబ్ధి విడిగా నిలబడవు, ప్రత్యక్ష అనుమాన ఆగమాల్లోకే వస్తాయి. జీవికీ జీవికీ భేదం సత్యమని ఆ మతం. మా నాన్న అద్వైతి. అయినా మళఖేడకు పోయినప్పుడల్లా ఆ నది ఒడ్డున చాలాసేపు కూర్చునేవాడు. భేదాన్ని అంత జాగ్రత్తగా చూసినవాడి దగ్గర నేర్చుకోవలసింది ఉంటుందని ఆయన నమ్మకం.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, ఒక కార్తీకమాసంలో అనంతగిరిలో పద్మనాభస్వామి దర్శనం అయ్యాక ఒక ప్రవచనం విన్నాను. చెప్పేవారు మంచి వక్త. చెట్టుకూ మనిషికీ డీఎన్ఏ ఒకటేనని సైన్సు తేల్చిందని, అంతటా ఉన్నది ఒకే ఆత్మ అని ఉపనిషత్తు చెప్పింది దీంతో రుజువైందని అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. అద్వైతం మీద నాకు నమ్మకం లేక కాదు. ఆ రుజువు రుజువు కాదు కనుక. చెరిమోయా ప్రైమర్లు సీతాఫలంలో బాగా అతుకుతాయి, రామాఫలంలో కొన్ని అతుకుతాయి, కొంచెం దూరపు చుట్టంలో ఇంకా తగ్గుతాయి. మామిడిలో వేస్తే అతుకుతాయని ఎవరూ ఆశపెట్టుకోరు. దూరం పెరిగేకొద్దీ పనికిరాకుండా పోయే గుర్తు ఏకత్వానికి సాక్ష్యం ఎట్లా అవుతుంది? అది చెప్పేది చుట్టరికం. చుట్టరికంలో ఇద్దరుండాలి, ఇద్దరి మధ్య ఒక దూరం ఉండాలి. అంతా ఒకటే అయితే పరీక్షే అక్కర్లేదు. అంతా పూర్తిగా వేరే అయితే పరీక్ష పెట్టడానికి ఆధారమే ఉండదు. ప్రయోగశాలలో పని జరిగేది ఈ నడుమ. ఆత్మ సంగతి ఆ జెల్ మీద గీతగా రాదు. దాన్ని అక్కడ వెతికి దొరికిందనడం, అక్కడ వెతికి దొరకలేదనడం, రెండూ ఒకే రకమైన అన్యాయం.

నాకు అసలు బాధ కలిగించేది ఇక్కడినుంచి మొదలవుతుంది. మనం ఒకరి భక్తిని ఒకరు కొలిచేటప్పుడు కూడా మన ఇంటి ప్రైమర్లే వాడతాం. మా ఊళ్ళో పీర్ల పండుగకు తురకలూ తెలుగువాళ్ళూ కలిసే పీర్లు ఎత్తేవాళ్ళు. నిప్పుల గుండం చుట్టూ రాత్రంతా ఆట. మా ఇంటికి వచ్చిన బంధువు ఒకాయన అరుగు మీదినుంచి చూసి, మంత్రం లేదు, నియమం లేదు, ఇందులో భక్తి ఎక్కడుంది అన్నాడు. మడి కట్టుకుని పూజ చేసే మా నాన్న జవాబు నాకు ఇప్పటికీ గుర్తే. "నీకు కనబడలేదు అను. లేదు అనడానికి నీ దగ్గర యోగ్యత ఏముంది?" ఆ బంధువు దాన్ని తిట్టు అనుకున్నాడు. నాన్న వాడింది తర్కంలోని మాట.

ఇదే పొరపాటు రెండోవైపు కూడా చేస్తాం. విభూతి, నామం, మాల, టోపీ చూసి లోపల ఏముందో చెప్పేస్తాం. ఒకే పొడవు గీత కింద వేరువేరు రాతలు ఉండవచ్చని తెలిసిన మనిషి అంత తొందరపడడు. మా మేనకోడలు గుడికి పోదు. ఇంట్లో పెద్దవాళ్ళు దానికి భక్తి లేదంటారు. ఆ ఖాళీ గడి దగ్గర సున్నా అని రాసి ఇంటికి పోతే అడిగేవాళ్ళు లేరు. ఆమె రాయలేదు. రామాఫలానికి అన్యాయం జరుగుతుందేమోనని మళ్ళీ ఆకు నూరి, మళ్ళీ వేడి మార్చి, అర్ధరాత్రి దాకా కూర్చుంది. దానికి ఏ పేరు పెట్టాలో మా పెద్దవాళ్ళ పట్టికలో లేదు. నేను మాత్రం దాన్ని శ్రద్ధ అంటాను, భగవద్గీతలో ఏ అర్థంలో ఉందో ఆ అర్థంలోనే.

అట్లా అని ఎవరి గుర్తులు వారివి, ఎవరినీ ఎవరూ తెలుసుకోలేరని నేను అనను. ఆ మాట వినయంలా కనబడుతుంది కానీ అందులో సోమరితనం ఉంది. చెరిమోయా ప్రైమర్లు కొన్నైనా రామాఫలంలో అతికాయి. నా భక్తి నాకు నేర్పిన గుర్తులు కొన్నైనా పక్కవాడి లోపల పనిచేస్తాయి. కన్నీళ్ళు, వ్రతం పట్టి ఆకలిని ఓర్చుకోవడం, చనిపోయినవాళ్ళ పేరు తలచుకోవడం ఇవన్నీ చాలా దూరపు చుట్టాల్లో కూడా మారకుండా మిగిలిన రాతలు. వాటితో మొదలుపెట్టవచ్చు. అతకని చోట ఆగి, లోపం చెట్టుదా సాధనానిదా అని అడగాలి.

ఈ విషయం మీద నాకూ మా పురోహిత మిత్రుడికీ ఇంకా వాదం నడుస్తూనే ఉంది. యోగ్యత లేనిచోట లేదు అనకూడదంటే, ఎవరు ఏ కట్టుకథ చెప్పినా కాదనలేం కదా అంటాడాయన. మంచి ఆక్షేపణే. నా సమాధానం ఒకటే. లేదు అనకూడదన్నానే గానీ ఉంది అనమని చెప్పలేదు. ఉంది అనేవాడు ఏ ప్రమాణంతో అంటున్నాడో చూపించాలి, ఆ ప్రమాణం ఏ దూరం దాకా పనిచేస్తుందో కూడా చెప్పాలి. కన్నింగ్‌హామ్ పండును నేను ఒప్పుకోనిది అందుకే. మా మిత్రుడికి ఈ జవాబు చాలలేదు. నాకూ పూర్తిగా చాలలేదు. దేవుడి విషయంలో ఏది యోగ్యత అనేది కొన్ని శాస్త్రాలు ఆగమానికి వదిలేశాయి. ఎవరి ఆగమం అనే ప్రశ్న మళ్ళీ మొదటికి తెస్తుంది.

మేనకోడలు పని మాత్రం ముందుకు పోతోంది. ఇంతవరకు ఆమె వాడినవన్నీ చెరిమోయా కోసం పుట్టినవి. అట్లాంటి గుర్తులతో చూస్తే రామాఫలంలో వైవిధ్యం ఉన్నదానికంటే తక్కువగా కనబడే ప్రమాదం ఉంది. చెరిమోయాలో బాగా మారే చోట్లను ఏరి చేసినవి కదా అవి. రామాఫలంలో ఎక్కువగా మారేవి వేరే చోట్లు కావచ్చు. 2021లో లక్ష్మణఫలం జన్యురాత మొత్తం చదివి ప్రచురించారు కనుక దారి కొంత తేలికైంది. రామాఫలం నుంచే మార్కర్లు తీసి, వాటిని తిరిగి సీతాఫలం మీదా చెరిమోయా మీదా పరీక్షించాలన్నది ఆమె ఆలోచన. ఈసారి రామాఫలం కొలిచేది అవుతుంది, చెరిమోయా కొలవబడేది అవుతుంది.

దానికి చెట్లు కావాలి. మా తాండూరు పెరట్లోది ఇల్లు పెంచినప్పుడు పోయింది. పెద్దేముల్, బషీరాబాద్ వైపు కంది చేల గట్ల మీద, పాత ఇళ్ళ బావుల పక్కన ఇంకా కొన్ని ఉన్నాయని విన్నాను. సీతాఫలంలా దానికి గంపల బేరం లేదు కనుక కొట్టేసేవాళ్ళు వెనకాడరు. మాఘమాసం రాగానే డబ్బాలూ చీటీలూ పట్టుకుని ఆ ఊళ్ళు తిరగాలనుకుంటున్నాను. లేత ఆకు ముదరకముందే పోవాలని మేనకోడలు ఇప్పటికే హెచ్చరించింది.